అందరికీ జరిగిందే కదండీ

నా సర్వీసు మొత్తంలో పైఅధికారులు నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. అది కూడా ఏ జబ్బూ కనిపెట్టనందుకు. జిల్లా మీటింగులో లేచి నిలబడమన్నారు, చప్పట్లు కొట్టించారు, కూర్చోమన్నారు. ఆ చప్పట్లు ఎంత అన్యాయంగా సంపాదించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరుతున్న పిల్ల డాక్టర్లు చదువుతారని ఆశ. చదవకపోయినా కోపం లేదు. మీ వయసులో సీనియర్లు అనుభవాలు చెబుతుంటే నేను శ్రద్ధగా తల ఊపుతూ మధ్యాహ్నం క్యారేజీలో ఏముందా అని ఆలోచించేదాన్ని.

మాది విజయవాడ వన్ టౌన్. కింద మా నాన్న గాజుల హోల్‌సేల్ కొట్టు, పైన మేము. తోపుడుబళ్ల వాళ్ల తిట్లతో తెల్లవారేది, ఆటోల హారన్లతో పొద్దుగూకేది. ఆ సందుల్లో పుట్టి పెరిగిన నాకు తొంభైల చివర్లో సముద్రపు ఒడ్డు ఊళ్లో పోస్టింగు ఇచ్చారు. అవనిగడ్డ దాటాక ఇంకా బస్సు పోతూనే ఉంటుంది. ఇక రోడ్డు అయిపోయిందేమో అనుకున్నాక కూడా పోతుంది. దిగగానే ఎండుచేపల వాసన. నాకు ఆ వాసన వారంలో అలవాటైపోయింది. సెలవుకు ఇంటికెళ్తే మా దాదీ, అంటే నాన్నమ్మ, మాత్రం నా బ్యాగు గుమ్మం బయటే పెట్టించేది.

ఆసుపత్రిలో నేను కాక లెక్కలోకి వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకరు ఫార్మసిస్టు గారు. ఊరంతా ఆయన్ని కాంపౌండరు అనేది. ఆయన పిలిచిన ప్రతివాడినీ సరిదిద్దేవారు. వాళ్లు ‘సరే కాంపౌండరు గారూ’ అని వెళ్లిపోయేవారు. లోకంలో జరిగే దేనిమీదైనా ఆయన దగ్గర ఒక వ్యాఖ్య సిద్ధంగా ఉండేది, ఒక్కోసారి మందు కంటే ముందు అదే ఇచ్చేవారు. రెండోవారు స్టాఫ్ నర్సు, మంగళగిరి మనిషి. సిస్టరు గారికి భక్తి ఎక్కువ, మంగళగిరి చీరలు అమ్మే నేర్పు అంతకంటే ఎక్కువ. సెలైన్ ఎక్కించుకుంటూ పడుకున్న ఆవిడకి కూడా కొత్త బోర్డరు చూపించగలరు. అన్నిటికీ మించి ఆవిడకి నడుము దాటి వేలాడే జడ ఒకటి ఉండేది. మా ఆసుపత్రికి అదే అలంకారం. ఆ జడను చూసి ఊరి ఆడవాళ్లు, ‘ఏం నూనె రాస్తారండీ’ అని అడగడానికే ఓపీకి వచ్చేవాళ్లని నా అనుమానం.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్లకు మమ్మల్ని విజయవాడలో ఒక ట్రైనింగుకు పిలిచారు. హోటల్లో ఏసీ హాలు, మధ్యాహ్నం బిర్యానీ, అందుకే హాజరు పూర్తిగా ఉంది. నగరంలో పేరున్న మానసిక వైద్యుడు మాట్లాడారు. సన్నగా, శుభ్రంగా, బంగారు రంగు కళ్లజోడుతో ఉండే మనిషి. ఆయన చెప్పింది నిజంగా మంచి విషయం. మీ దగ్గరకు డిప్రెషన్‌తో వచ్చేవాళ్లలో కొందరికి అడుగున వేరే జబ్బు ఉంటుంది. ఎప్పుడో ప్రాణం మీదికి వచ్చిన భయం ఇంకా ఒంట్లోంచి దిగి ఉండదు. దాన్ని పీటీఎస్‌డీ అంటారు. పీడకలలు వస్తాయి, ఉలిక్కిపడతారు, ఆ సంగతి గుర్తుచేసే ప్రతిదాన్నీ తప్పించుకు తిరుగుతారు. అది కనిపెట్టకుండా డిప్రెషన్ మాత్రలు ఎన్ని ఇచ్చినా సగం వైద్యమే. కాబట్టి డిప్రెషన్ ఉన్న ప్రతి పేషెంటునూ ఈ ప్రశ్నలు అడగండి అన్నారు.

మొదటి ప్రశ్న: ‘మీ జీవితంలో ప్రాణాపాయం కలిగించే భయంకరమైన సంఘటన ఏదైనా మీకు జరిగిందా?’ జరిగింది అంటే కలల గురించి, ఉలికిపాటు గురించి మిగతావి అడగాలి. లేదు అంటే అక్కడితో ఆపి తరువాతి పేషెంటును పిలవాలి.

మేం తిరిగొచ్చి నిజాయితీగానే అడిగాం. మందులకు వచ్చే డిప్రెషన్ పేషెంట్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగాం. సిస్టరు గారు అడిగారు, నేనూ అడిగాను. అందరూ ఒకటే మాట. ‘లేదండి.’ కొందరు ‘లేదండి, మీ దయవల్ల’ అన్నారు. మేం ఆపి తరువాతి వాళ్లను పిలిచాం. నెలల తరబడి ఇదే వరస. మా రిపోర్టులో పీటీఎస్‌డీ గడిలో ప్రతిసారీ సున్నా.

ఇప్పుడు చదువుతున్న మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అది ఉప్పెన వచ్చిపోయిన ఊరు. నేను స్కూల్లో ఉండగా ఒక రాత్రి సముద్రం లేచి వచ్చి ఆ తీరాన్ని ఊడ్చుకుపోయింది. అక్కడ మనుషుల వయసు కూడా ‘ఉప్పెనకి ముందు పుట్టాడు, తరవాత పుట్టాడు’ అనే చెబుతారు. ఆ ఊళ్లో నూరుమందిని అడిగితే ప్రాణాపాయం ఎవరికీ జరగలేదట! మాకు అనుమానం రాలేదా అంటే, ఒకటి రెండుసార్లు వచ్చింది. కానీ ఆ సున్నాకి జిల్లా మీటింగులో చప్పట్లు కొట్టారు కదా. చప్పట్లు కొట్టాక అనుమానాలు పెట్టుకోవడం మర్యాద కాదనిపించింది.

ఆ పేషెంట్లలో గుండు ఆవిడ ఒకరు. క్షమించాలి, పేర్లు రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాను, ఊళ్లో ఆవిడని అలాగే పిలిచేవాళ్లు, అదీ గౌరవంగానే. ముప్ఫై అయిదు దాటిన మనిషి. తెల్లవారి రేవులో చేపలు కొని, తట్టలో పెట్టుకుని, బస్సెక్కి అమ్ముకొచ్చేది. తలమీద ఎప్పుడు చూసినా గుండు, లేదంటే గుండు తరువాత మొలిచిన నాలుగు వెంట్రుకలు. తిరుపతి, మోపిదేవి, ఇంకా నేను పేరు వినని దేవుళ్లు. వెంట్రుకలు నాలుగు వేళ్ల పొడుగు పెరిగేసరికి ఎవరో ఒక దేవుడికి మొక్కు గుర్తొచ్చేది. ఊరు ఆవిడ భక్తికి దణ్ణం పెట్టేది.

ఎందుకమ్మా ఇన్ని గుండ్లు అని ఆవిడని ఎవరూ అడగలేదు. మా సిస్టరు గారి లెక్కలో మొక్కు సంగతి అడిగితే దాని ఫలం పోతుంది. ఫార్మసిస్టు గారిది ఇంకో లెక్క. ‘దేవుడికి ఇచ్చే వాళ్లని ఎందుకిచ్చారని అడగకూడదు మేడమ్, ఇవ్వని వాళ్లని అడగాలి’ అనేవారు. ఇక నేను. సాయిబుల అమ్మాయిని, వేరేవాళ్ల మొక్కుల్లో నాకేం పని? అడిగితే ఎగతాళి అనుకుంటారని భయం. అలా ముగ్గురం మూడు రకాల మర్యాదలతో నోరు మూసుకున్నాం. ఉలికిపాటు ఉందా, నిద్ర పడుతోందా అని అడిగే మేము కళ్లెదుట మెరిసే గుండును మాత్రం చూసీ చూడనట్టు వదిలేశాం.

ఆవిడ డిప్రెషన్‌కు మాత్రం మాకందరికీ కారణం తెలుసు. కూతురు. తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వచ్చిన పిల్ల. చిన్నప్పటి నుంచి తల్లితో పాటు ఆ పిల్లకీ గుండే. ఐదో క్లాసులో ఏడ్చి ఊరుకుంది, ఎనిమిదో క్లాసులో అన్నం మానేసి ఊరుకుంది, ఈసారి ఊరుకోలేదు. బళ్లో పిల్లలు ఏడిపిస్తున్నారు, నాకు జడ కావాలి అంది. తల్లి కుదరదంది. పిల్ల ఒక సంచి సర్దుకుని బస్సులు మారి మైలవరంలో ఉన్న పిన్ని దగ్గరకు పారిపోయింది. సముద్రానికి వీలైనంత దూరంగా వెళ్లిందన్నమాట, తెలివైన పిల్ల. అక్కడ బళ్లో చేరకుండా పిన్నితో పాటు పత్తి తీయడానికి పోతోందని కబురు వచ్చింది. ‘తలమీద చెయ్యి వెయ్యనని మాటిస్తే వస్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను’ అని పిల్ల చెప్పి పంపింది. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు దగ్గర పడుతోంది. తల్లి ఆ ఒక్క మాట ఇవ్వలేకపోయింది.

అప్పటి నుంచి ఆవిడ తట్ట ఎత్తడం మానేసింది. నేను మాత్రలు పెంచాను. ఆవిడ నోరెండిపోతోందంది. మార్చాను. నిద్రమత్తుగా ఉందంది. తగ్గించాను. ‘ఒక్క మాట ఇచ్చేస్తే పిల్ల వచ్చేస్తుంది కదమ్మా’ అని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఆవిడ నేలకేసి చూస్తూ, ‘ఇయ్యలేనండి డాట్రమ్మగారూ. ఎందుకో నాకూ తెలీదండి’ అంది. ఫార్మసిస్టు గారు నా వెనక నిలబడి, ఇంత మొండి భక్తి తాను చూడలేదన్నారు.

ఇంతలో మా సున్నా చూసి ముచ్చటపడ్డ మానసిక వైద్యుడు గారు స్వయంగా మా ఊరు వస్తానని ఫోన్ చేశారు. సముద్రం మీద బతికేవాళ్ల మనోధైర్యం గురించి ఒక పెద్ద వ్యాసం రాస్తారట. అంత ఉప్పెన చూసి కూడా ఒక్కరికీ ఈ జబ్బు లేకపోవడం చాలా గొప్ప విషయమట. ‘రహస్యం ఏమిటంటారు డాక్టర్ గారూ?’ అని అడిగారు. చేపలు తింటారు కదండీ అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఆయన వచ్చే రోజున మా అటెండరు ఎన్నడూ లేని శ్రద్ధతో వరండా కడిగాడు. అది కూడా జీపు దుమ్ము కనబడ్డాక మొదలుపెట్టాడు. కొబ్బరిబోండాలు కొట్టించడం, కుర్చీ తుడవడం, ఆయన్ని నా గదిలో కూర్చోబెట్టడం అయిపోయేసరికి వరండా ఇంకా తడిగానే ఉంది. మాత్రల కోసం వచ్చిన గుండు ఆవిడ మెట్టు మీద జారి పడింది. తల గడపకు కొట్టుకుని వెనక వైపు చీలింది. రక్తం బాగానే పోయింది. లోపలికి తెచ్చి బల్ల మీద బోర్లా పడుకోబెట్టాం. కుట్లు వేయాలి.

తలమీద కుట్లు వేసేముందు ఆ చుట్టూ వెంట్రుకలు గీసేస్తారు. ఎవరికైనా అదే చేస్తాం. ఆవిడకి అప్పటికి వెంట్రుకలు నాలుగు వేళ్లు పెరిగి ఉన్నాయి. నేను బ్లేడు అందుకున్నాను. సిస్టరు గారు నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, ‘మేడమ్, ఇవి మోపిదేవి మొక్కువి. మనం గీస్తే పాపం అండీ’ అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మర్యాదలో నేను ఎవరికీ తీసిపోను. ‘సరే, మీరు పక్కకి పట్టుకోండి, నేను కుట్టేస్తాను’ అన్నాను. సిస్టరు గారు ఆ జుట్టును ఎంతో భక్తితో పిడికిట్లోకి తీసుకుని, దెబ్బ కనబడేట్టు గట్టిగా పక్కకి లాగి పట్టుకున్నారు.

ఆ అరుపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అది ముప్ఫై అయిదేళ్ల మనిషి గొంతు కాదు.

‘అమ్మా! ముడిప్పవే! నేనూ ఒస్తానే! ముడిప్పవే అమ్మా!’

బల్ల మీద నుంచి కిందికి దొర్లింది. రెండు చేతులూ తలమీద పెట్టుకుని లేని ముడి ఏదో విప్పుతోంది. వేళ్లు అలా ఆడుతూనే ఉన్నాయి. సిస్టరు గారు గోడకు అతుక్కుపోయి ఏడుస్తున్నారు. పక్క గదిలోంచి మానసిక వైద్యుడు గారు కొబ్బరిబోండం చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. ఏం చేయాలో తోచక నేను కూడా ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన సరైన పని. డాక్టరు గారు బోండం కింద పెట్టి, ఆవిడ పేరు నన్నడిగి, ఆ పేరుతో మెల్లగా పిలుస్తూ, ఇది ఆసుపత్రి అమ్మా, ఇక్కడ నీళ్లు లేవు, అందరం ఇక్కడే ఉన్నాం అని చెబుతూ ఉన్నారు. నీళ్లు అనే మాట ఆయనకి ఎలా తట్టిందో తెలియదు. ఎంతైనా పెద్ద డాక్టరు.

చాలాసేపటికి ఆవిడ చేతులు ఆగాయి. గ్లాసుడు నీళ్లు తాగింది. రక్తం కారుతున్న తలకు గుడ్డ అదిమిపెట్టుకుని, ఎవరి మొహం చూడకుండా చెప్పింది.

‘నీళ్లొచ్చేసినయ్యండి. మాయమ్మ నన్ను తుమ్మచెట్టెక్కించింది. అప్పుడు నాకు పన్నెండేళ్లుంటయ్యి. జడ ఇంత పొడుగుండేదండి నాకు, మాయమ్మే రోజూ వేసేది. కొమ్మ పట్టుకుని ఉండలేకపోతన్నానని ఆ జడని కొమ్మకి కట్టేసింది. గట్టిగా కట్టిందండి, వలకి వేసే ముడి. ఇప్పమాకే, తెల్లారేదాకా ఇప్పమాకే అంది. ఆనక కెరటమొచ్చింది. అమ్మ కొమ్మ ఇరిగింది. చెయ్యి చాపితే అందేదేనండి. ముడి ఇప్పుకుందామని చూశాను. రాలేదు. ఇప్పుకునుంటే అందేది.’

తలకు అదిమిన గుడ్డ మడత మార్చి, ‘తెల్లారినాక ఎవరో కత్తితో కోసి దింపారు’ అంది.

సిస్టరు గారు ముక్కు చీదారు. ఫార్మసిస్టు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన నోట ఒక్క వ్యాఖ్య కూడా రాలేదు. అటువంటిది జరగడం ఆ ఆసుపత్రి పుట్టాక అదే మొదలు.

అప్పుడు మానసిక వైద్యుడు గారు, పాపం అలవాటు చొప్పున, ఆ ప్రశ్నే అడిగారు. మేమంతా అడిగినట్టే, అదే మెత్తని గొంతుతో. ‘అమ్మా, నీ జీవితంలో ప్రాణాపాయం కలిగించే భయంకరమైన సంఘటన నీకు ఏదైనా జరిగిందా?’

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించింది.

‘నాకా? లేదండి.’

ఆయన కళ్లజోడు తీశారు. ‘అదేమిటమ్మా, ఇప్పుడేగా చెప్పావు?’

‘అది ఉప్పెన కదండీ’ అంది ఆవిడ, చదువుకున్నవాళ్లకి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. ‘ఉప్పెన అందరికీ జరిగిందే కదండీ. నాకు ప్రత్యేకంగా ఏం జరిగింది? నేను బతికాను. ఇంటిల్లిపాదీ పోయినోళ్లున్నారు, జరగడమంటే ఆళ్లకి జరిగినట్టు. మీరు నాకేమన్నా జరిగిందా అన్నారు. ఉప్పెన గురించి మీరెవరూ అడగలేదుగా?’

మేం ముగ్గురు ప్రభుత్వోద్యోగులం, ఒక నగర ప్రముఖుడు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఆ తీరంలో బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషిని కూడా ‘ఉప్పెనప్పుడు మీరెక్కడున్నారు’ అని అడుగుతారు. కూరగాయలు బేరమాడుతూ అడుగుతారు. పెళ్లిచూపుల్లో అడుగుతారు. అడగనిది మేము మాత్రమే. మాకు అచ్చువేసిన ప్రశ్న ఉంది కదా మరి.

గాయానికి చుట్టూ వెంట్రుకలు గీసేసి కుట్లు వేశాను. ఆవిడ చీమ కుట్టినట్టు కూడా అనలేదు. ‘గీసేస్తే హాయిగా ఉంటదండి’ అంది.

ఆ మర్నాటి నుంచి మేం మొదటి ప్రశ్న మార్చేశాం. ‘ఉప్పెనప్పుడు మీరెక్కడున్నారు?’ అంతే. ఇన్నాళ్లూ ‘లేదండి’ అన్న పేషెంట్లందరూ కుర్చీ దగ్గరకి లాక్కుని మొదలుపెట్టారు. ఓపీ సాయంత్రం దాకా సాగింది. ఆ తరువాత కలల గురించి అడిగితే అవునన్నారు, ఉలికిపాటు గురించి అడిగితే అవునన్నారు. వానాకాలం వస్తే పడవ ఒడ్డుకు లాగేసి ఊరు విడిచి పోయే మనిషి, ఇల్లు కట్టుకునీ డాబా మీదే పడుకునే ముసలాయన, వీళ్లంతా మా ‘లేదండి’ పేషెంట్లే. తరువాతి జిల్లా మీటింగులో మా గడిలో అంకె చూసి అధికారి గారు అదిరిపడ్డారు. ఒక్క నెలలో ఇన్ని కేసులు ఎలా పెరిగాయి, మీరేం చేస్తున్నారు అని అందరి ముందూ చీవాట్లు పెట్టి, రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. లేనప్పుడు చప్పట్లు, ఉన్నప్పుడు మెమో! ఉద్యోగంలో ఇటువంటివి మీకూ జరుగుతాయి, నవ్వుకోండి. ‘సముద్రానికి కూడా ఒక మెమో పంపిద్దామా మేడమ్’ అన్నారు ఫార్మసిస్టు గారు. ఆయన కోలుకున్నందుకు మాకు సంతోషం వేసింది.

మానసిక వైద్యుడు గారు మనోధైర్యం మీద వ్యాసం రాయలేదు. దానికి బదులు సెలవు దొరికినప్పుడల్లా తన కారులో తానే మా ఊరు వచ్చేవారు. పుస్తకాల్లో ఉన్నంత సొగసుగా జరగదు ఆ వైద్యం. గుండు ఆవిడతో ఆ రాత్రి సంగతి మళ్లీ మళ్లీ చెప్పించేవారు. కొన్నిసార్లు ఆవిడ మధ్యలో లేచి వెళ్లిపోయేది. ఒకసారి నెలరోజులు రానేలేదు, నేనే ఇంటికెళ్లి బతిమాలి తెచ్చాను. ముడి విప్పుకుని ఉంటే ఇద్దరూ పోయేవారు, మీ అమ్మ ఆ ముడి వేసిందే నువ్వు ఉండాలని, అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ‘అవునండి’ అనేది, నమ్మేది కాదు.

తరువాత ఆయన జడను తాకడం అలవాటు చేయాలన్నారు. మెల్లగా, ఆవిడకి ఇష్టమైనంతసేపే. ఎవరి జడ? కూతురు మైలవరంలో ఉంది. ఆవిడకి మనిషి తలమీదున్న జడ తాకాలంటేనే చెమటలు పడుతున్నాయి. మేం ఆలోచిస్తూ కూర్చుంటే సిస్టరు గారు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. బయటికి వచ్చేసరికి ఆవిడ తల వెనక పిచ్చుక తోకంత జుట్టుంది. చేతిలో మా ఆసుపత్రి అలంకారం వేలాడుతోంది.

‘సవరమండీ’ అన్నారు నేలచూపులతో. ‘పెళ్లికి ముందు నుంచీ పెడుతున్నాను. ఎవరికీ చెప్పకండి.’

అయిదు నిమిషాల్లో ఊరందరికీ తెలిసింది. నూనె పేరు అడిగినవాళ్లంతా వచ్చి దెబ్బలాడారు. సిస్టరు గారు చలించలేదు. ఆ సవరాన్ని డ్రెస్సింగ్ రూములో మేకుకు తగిలించి, ఇది ప్రభుత్వ సామాను, ముట్టుకోవద్దు అని అందరినీ గదిమేవారు. గుండు ఆవిడ మొదట ఆ గది గుమ్మం దాటలేదు. తరువాత గుమ్మంలో కూర్చుంది. తరువాత మేకు కింద. ఒక రోజు వేలితో తాకి వాంతి చేసుకుంది. ఇంకో రోజు చేతిలోకి తీసుకుంది. ఆ రోజు సిస్టరు గారు స్వీట్లు పంచారు, చీర మాత్రం ఎవరికీ ఊరికే ఇవ్వలేదు.

పరీక్ష ఫీజు గడువు ఆ ఏడాది దాటిపోయింది. పిల్ల మైలవరంలోనే ఉంది, పత్తికే పోయింది. ఇది దాచడం నాకిష్టం లేదు. మేం ఆలస్యంగా అడిగిన ప్రశ్నకు ఆ పిల్ల ఒక సంవత్సరం కట్టింది. మరుసటి వేసవి చివర్లో తల్లి తనంతట తాను బస్సెక్కి మైలవరం వెళ్లింది. తలమీద చెయ్యి వెయ్యనని మాట ఇవ్వడానికి కాదు. పిల్లకి ఏమేం చెప్పాలో డాక్టరు గారి దగ్గర బట్టీపట్టి వెళ్లింది. అదంతా మర్చిపోయి, బస్టాండులో ఆగిన చోటే, ఉప్పెన రాత్రి తానెక్కడుందో పిల్లకి చెప్పిందట. అప్పటిదాకా ఆ పిల్లకి అమ్మమ్మ ఉప్పెనలో పోయిందని మాత్రమే తెలుసు.

బళ్లు తెరిచిన రోజు పొద్దున్నే తల్లీ కూతుళ్లు ఆసుపత్రి వరండాకు వచ్చారు. ఇంట్లో భయంగా ఉందండి, ఇక్కడైతే మీరంతా ఉంటారు కదా, అంది ఆవిడ. పిల్లకి భుజాల కిందికి జుట్టు పెరిగింది. యూనిఫాం వేసుకుని, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. తల్లి వెనక కూర్చుంది. సిస్టరు గారు దువ్వెన, నూనె సీసా, ఎర్ర రిబ్బను తెచ్చి పక్కన పెట్టి, తనకు పని ఉన్నట్టు నటిస్తూ కిటికీ దగ్గర నిలబడ్డారు. ఫార్మసిస్టు గారు బిళ్లలు లెక్కపెడుతున్నట్టు నటించారు. నేను స్టెతస్కోపు తుడుస్తున్నాను.

ఆవిడ నూనె రాసింది. పాపిడి తీసింది. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. జడ చివరికి వచ్చాక రిబ్బను చుట్టి ముడి దగ్గర ఆగిపోయింది. రెండు కొసలూ పట్టుకుని అలాగే ఉండిపోయింది. మెడ మీద చెమట. నేను లేవబోయాను. ఫార్మసిస్టు గారు కళ్లతోనే వద్దన్నారు.

పిల్ల తల తిప్పకుండానే విసుగ్గా అంది. ‘గట్టిగా కట్టమ్మా. ఒదులుగా కడితే బడికెళ్లేలోపే ఊడిపోద్ది.’

తల్లి ముడి వేసింది. గట్టిగానే వేసింది, వలకి వేసేలాంటిది. తరువాత రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది. పిల్ల జడ ముందుకు తెచ్చుకుని ఒకసారి చూసుకుని, సంచి భుజాన వేసుకుని బడి వైపు పరిగెత్తింది.